‘కాదు’ వేరు.. ‘తెలీదు’ వేరు!

డేటాబేస్‌లోంచి కావాల్సినవాళ్లను ఏరడం కొద్దిరోజుల సాధనతో అందరికీ వచ్చేస్తుంది. వద్దనుకున్నవాళ్లను తీసేయమన్నప్పుడే అసలు చిక్కు. ఒక్క ‘నాట్’ సరిగా పడకపోతే అర్హత ఉన్న అభ్యర్థి పేరు జాబితాలోంచి చప్పుడు లేకుండా మాయమవుతుంది. ఎర్రర్ రాదు, ప్రోగ్రామ్ ఆగదు, ఎవరికీ అనుమానం కూడా రాదు. డేటా, బ్యాకెండ్ ఉద్యోగాలకు సిద్ధమవుతున్నారా? అయితే ఈ మూడక్షరాల ఆంగ్ల పదం సంగతి ముందే తేల్చుకోండి.

ఆరుగురిలో ఇద్దరేరీ?

మీరు ఒక ఇంజినీరింగ్ కాలేజీ ప్లేస్‌మెంట్ సెల్ కోసం ప్రోగ్రామ్ రాస్తున్నారనుకుందాం. టేబుల్‌లో ఆరుగురు విద్యార్థులున్నారు. ఒక్కొక్కరికీ రోల్ నంబర్, బ్రాంచి, బ్యాక్‌లాగ్స్ సంఖ్య అనే మూడు కాలమ్స్ ఉన్నాయి.

101 – సీఎస్‌ఈ – 0
102 – ఈసీఈ – 2
103 – సీఎస్‌ఈ – ఖాళీ
104 – సివిల్ – 0
105 – ఈసీఈ – ఖాళీ
106 – మెకానికల్ – 1

103, 105 నంబర్ల వాళ్లకు రీవాల్యుయేషన్ ఫలితం ఇంకా రాలేదు. అందుకే ఆ గడి ఖాళీగా ఉంది. డేటాబేస్ భాషలో ఇది ‘నల్’.

ముందు ‘బ్యాక్‌లాగ్స్ సున్నా కంటే ఎక్కువ’ అనే షరతు పెట్టండి. 102, 106 వస్తారు. ఇప్పుడు అదే షరతు ముందు ‘నాట్’ చేర్చండి. మిగిలిన నలుగురూ రావాలి కదా? రారు. 101, 104 మాత్రమే వస్తారు. రెండు జాబితాలూ కలిపితే నలుగురే. ఫలితం రాని ఇద్దరూ అటు లేరు, ఇటూ లేరు. ‘బ్యాక్‌లాగ్స్ ఉన్నవాళ్లను తీసేసి మిగతావాళ్లందరికీ డ్రైవ్ సమాచారం పంపండి’ అని మీకు చెప్పారనుకోండి. ఆ ఇద్దరికీ మెసేజ్ వెళ్లదు. డ్రైవ్ అయిపోయాక గానీ వాళ్లకు విషయం తెలీదు. అప్పటికి మీ ప్రోగ్రామ్ తప్పు చేసిందని చెప్పే ఆధారం ఏ లాగ్‌లోనూ ఉండదు.

మూడో జవాబు

మామూలు లెక్కలో ఏ మాటైనా అయితే నిజం, లేకపోతే అబద్ధం. జార్జ్ బూల్ 1854లో ప్రచురించిన పుస్తకంతో స్థిరపడిన తర్కం ఇదే. ప్రోగ్రామింగ్‌లో మనం రోజూ వాడే ‘బూలియన్’ అనే మాట ఆయన పేరు మీదే వచ్చింది. ఎస్‌క్యూఎల్ మాత్రం దీనికి మూడో జవాబును కలిపింది: తెలీదు.

ఇది మనకు కొత్తేమీ కాదు. ‘మీ అబ్బాయి పాసయ్యాడా?’ అని పక్కింటివాళ్లు అడిగితే ‘ఆ, అయ్యాడు’ అనొచ్చు, ‘లేదు’ అనొచ్చు, ‘ఇంకా రిజల్ట్ రాలేదండీ’ అనొచ్చు. ఈ మూడో జవాబును తిప్పి అడిగినా మారదు. ‘అయితే ఫెయిలయ్యాడా?’ అంటే మళ్లీ ‘రిజల్ట్ రాలేదు’ అనే అంటాం. ఎస్‌క్యూఎల్ కూడా అంతే. నిజానికి ‘నాట్’ తగిలిస్తే అబద్ధం, అబద్ధానికి తగిలిస్తే నిజం, ‘తెలీదు’కు తగిలిస్తే మళ్లీ ‘తెలీదు’. ‘వేర్’ అనే భాగం నిజమని తేలిన వరుసలనే లోపలికి రానిస్తుంది. అబద్ధాన్నీ, తెలీదునూ ఒకేలా బయట నిలబెడుతుంది.

తెలుగులో ‘కాదు’, ‘లేదు’ అని రెండు మాటలున్నాయి. ‘వాళ్ల బ్రాంచి సీఎస్‌ఈ కాదు’ అన్నా, ‘బ్రాంచి వివరం లేదు’ అన్నా ఒకటే అని మనం పొరపాటున కూడా అనుకోం. ఎస్‌క్యూఎల్‌లోనూ వీటికి రెండు వేర్వేరు రాతలున్నాయి. మొదటిది ‘సమానం కాదు’ గుర్తు, రెండోది ‘ఈజ్ నల్’. షరతు రాసేటప్పుడు మీ మనసులో ఉన్నది ‘కాదు’నా, ‘లేదు’నా అని ఒకసారి తెలుగులో అనుకుని చూడండి. సగం తప్పులు అక్కడే దొరుకుతాయి.

కలిపితే ఏమవుతుంది?

రెండు షరతులు కలిపినప్పుడు ‘తెలీదు’ ఎలా నడుచుకుంటుందో కూడా చూడాలి. దీన్ని బట్టీ పట్టక్కర్లేదు. ‘తెలీదు’ అని వచ్చిన షరతు రేపు నిజమైనా, అబద్ధమైనా మొత్తం జవాబు మారదనుకుంటే, ఎస్‌క్యూఎల్ ఇప్పుడే జవాబు చెప్పేస్తుంది. మారే అవకాశం ఉంటే ‘తెలీదు’ అంటుంది.

‘అండ్’తో కలిపినవాటిలో ఒకటి అబద్ధమని తేలితే రెండోది ఏదైనా ఒకటే, మొత్తం అబద్ధం. ‘ఆర్’తో కలిపినవాటిలో ఒకటి నిజమని తేలితే మొత్తం నిజం. నిజం ‘అండ్’ తెలీదు అంటే తెలీదు. అబద్ధం ‘ఆర్’ తెలీదు అన్నా తెలీదే.

ఇడ్లీ, వడ లెక్క

ఇక షరతుల గుంపును తిప్పడం. హోటల్లో సర్వర్ ‘ఇడ్లీ గానీ వడ గానీ తెమ్మంటారా?’ అని అడిగితే ‘వద్దు’ అన్నారనుకోండి. ఇడ్లీ వద్దు, వడా వద్దు అనే అర్థం. ‘ఇడ్లీ, వడ రెండూ తెమ్మంటారా?’ అంటే ‘రెండూ వద్దు’ అన్నారనుకోండి. ఏదో ఒకటి చాలని కూడా కావొచ్చు. ‘లేదా’ను తిప్పితే ‘మరియు’ అవుతుంది, ‘మరియు’ను తిప్పితే ‘లేదా’ అవుతుంది. లోపలి ప్రతి షరతూ కూడా తిరగబడుతుంది. దీన్నే డి మోర్గాన్ నియమం అంటారు. ఆ పేరు గల గణితవేత్త అగస్టస్ డి మోర్గాన్ 1806లో పుట్టింది మన పొరుగున ఉన్న మదురైలోనే. పసివాడిగా ఉండగానే కుటుంబం ఇంగ్లండ్ వెళ్లిపోయింది. తర్వాత లండన్ యూనివర్సిటీ కాలేజీలో గణిత ఆచార్యుడయ్యారు.

దీన్ని మన టేబుల్‌కు అన్వయిద్దాం. ‘సీఎస్‌ఈ, ఈసీఈ కాకుండా మిగతా బ్రాంచిలవాళ్లు కావాలి’ అన్నారు. కొత్తగా నేర్చుకునేవాళ్లు ‘బ్రాంచి సీఎస్‌ఈ కాదు ఆర్ బ్రాంచి ఈసీఈ కాదు’ అని రాసేస్తుంటారు. అప్పుడు ఆరుగురూ వచ్చేస్తారు. ఎందుకంటే సీఎస్‌ఈ విద్యార్థి ‘ఈసీఈ కాదు’ అనే ద్వారంలోంచి, ఈసీఈ విద్యార్థి ‘సీఎస్‌ఈ కాదు’ అనే ద్వారంలోంచి లోపలికి వస్తారు. మధ్యలో ‘అండ్’ పెడితే సరైన జవాబు వస్తుంది: 104, 106.

లైబ్రరీ చేసే పని

ఉద్యోగంలో చేరాక ఎస్‌క్యూఎల్ వాక్యాలను చేత్తో అతికించుకుంటూ కూర్చోరు. యూజర్ ఇచ్చిన మాటలను నేరుగా వాక్యంలో అతికిస్తే భద్రతకూ ముప్పే. అందుకే లైబ్రరీలు వాడతారు. పైథాన్‌లో బాగా వాడుకలో ఉన్నది ఎస్‌క్యూఎల్‌ఆల్కెమీ. మైక్ బేయర్ తయారుచేసిన ఈ లైబ్రరీ మొదటి వెర్షన్ 2006లో వచ్చింది.

ఇందులో ‘బ్యాక్‌లాగ్స్ > 0’ అని రాస్తే పైథాన్ వెంటనే లెక్క కట్టదు. ఆ షరతును ఒక చీటీలా రాసి పక్కన పెట్టుకుంటుంది. ఇలాంటి చీటీలను కలపొచ్చు, తిప్పొచ్చు, మరో ఫంక్షన్‌కు అందించొచ్చు. చివరికి డేటాబేస్‌కు పంపేటప్పుడు అన్నీ కలిసి ఒక ఎస్‌క్యూఎల్ వాక్యంగా మారతాయి. కలపడానికి అండ్, ఆర్, నాట్ అనే ఫంక్షన్లున్నాయి. ఈ మూడు మాటలూ పైథాన్ తన సొంతానికి ఉంచుకుంది కాబట్టి, లైబ్రరీ తన ఫంక్షన్ల పేర్ల చివర ఒక అండర్‌స్కోర్ తగిలించింది. వాటికి బదులు &, |, ~ గుర్తులు కూడా వాడొచ్చు. ~ అంటే ‘నాట్’.

‘బ్యాక్‌లాగ్స్ > 0’ అనే చీటీకి ముందు ~ పెడితే ఎస్‌క్యూఎల్‌ఆల్కెమీ దాన్ని ‘బ్యాక్‌లాగ్స్ <= 0’గా మార్చి రాస్తుంది. ‘సమానం’ ఉంటే ‘సమానం కాదు’ అవుతుంది. ‘ఇన్’ ఉంటే ‘నాట్ ఇన్’ అవుతుంది. ‘అండ్’తో కలిపిన గుంపైతే మొత్తానికి బ్రాకెట్లు పెట్టి ముందు ‘నాట్’ చేరుస్తుంది. తర్కం ప్రకారం ఇదంతా సరైనదే. అయితే ఖాళీ గడుల సంగతి మాత్రం అది మీకే వదిలేస్తుంది. 103, 105 ఇక్కడా బయటే.

అండర్‌స్కోర్ మర్చిపోతే..

అండర్‌స్కోర్ ఉన్న ఫంక్షన్‌కు బదులు పైథాన్ సొంత ‘అండ్’ రాశారనుకోండి. అది మొదటి చీటీని ‘నువ్వు నిజమా, అబద్ధమా?’ అని అక్కడికక్కడే అడుగుతుంది. డేటాబేస్‌ను చూడని చీటీ ఏం చెబుతుంది? ‘>’, ‘<’ లాంటి షరతులైతే ఎస్‌క్యూఎల్‌ఆల్కెమీ టైప్ ఎర్రర్ ఇచ్చి ఆపేస్తుంది. అది మీ అదృష్టం.

‘==’ ఉన్న షరతైతే ఎర్రర్ రాదు. అటూ ఇటూ ఉన్నవి పైథాన్ దృష్టిలో ఒకే వస్తువా అని మాత్రం చూస్తుంది. కాలమ్ ఒక వస్తువు, మీరిచ్చిన విలువ ఇంకో వస్తువు కాబట్టి ‘అబద్ధం’ అంటుంది. దాంతో ‘అండ్’ అక్కడే ఆగి మొదటి చీటీని మాత్రమే చేతికిస్తుంది. ‘బ్రాంచి సీఎస్‌ఈ, బ్యాక్‌లాగ్స్ సున్నా’ అని మీరు రాస్తే డేటాబేస్‌కు చేరేది ‘బ్రాంచి సీఎస్‌ఈ’ అన్న ముక్క ఒక్కటే. 101తో పాటు 103 కూడా వచ్చేస్తారు.

పైథాన్ సొంత ‘నాట్’ అయితే ఇంకా ప్రమాదం. ఆ ‘అబద్ధం’ కాస్తా తిరగబడి ‘నిజం’ అవుతుంది. ‘వేర్’కు అందేది ఎప్పుడూ నిజమయ్యే షరతు. సెలెక్ట్‌లో అయితే అందరూ వస్తారు. అదే డిలీట్‌లో అయితే? ‘సీఎస్‌ఈ కానివాళ్లను తొలగించు’ అన్న ఆదేశం మొత్తం టేబుల్‌నే తుడిచేస్తుంది.

బ్రాకెట్లకు బద్ధకించొద్దు

&, | గుర్తులు వాడితే ప్రతి షరతునూ బ్రాకెట్లలో పెట్టాల్సిందే. పైథాన్ ‘==’ కంటే ముందు ‘&’ను చూస్తుంది కాబట్టి, బ్రాకెట్లు లేకపోతే మీరు అనుకోనివి రెండు కలిసిపోతాయి.

ఎస్‌క్యూఎల్ సొంత వరుసక్రమం కూడా గుర్తుంచుకోండి. ముందు నాట్, తర్వాత అండ్, చివర ఆర్. ‘సీఎస్‌ఈ ఆర్ ఈసీఈ అండ్ బ్యాక్‌లాగ్స్ సున్నా’ అని బ్రాకెట్లు లేకుండా రాస్తే, సున్నా షరతు ఈసీఈకి మాత్రమే వర్తిస్తుంది. 101, 103 వస్తారు. రెండు బ్రాంచిలకూ కలిపి బ్రాకెట్లు పెడితే వచ్చేది 101 ఒక్కరే. అండర్‌స్కోర్ ఫంక్షన్లతో గుంపులు కడితే కావాల్సిన చోట బ్రాకెట్లు లైబ్రరీయే వేసుకుంటుంది. మొదట్లో ఆ దారే మేలు.

జాంగో ఇంకోలా అంటుంది

వెబ్ ఫ్రేమ్‌వర్క్ జాంగో నేర్చుకున్నవాళ్లకు ‘క్యూ ఆబ్జెక్ట్స్’ పరిచయమే. అక్కడ కూడా షరతులను &, |, ~లతోనే కలుపుతారు, తిప్పుతారు. వద్దనుకున్నవాటిని తీసేయడానికి ‘ఎక్స్‌క్లూడ్’ అనే మెథడ్ కూడా ఉంది. చూడ్డానికి రెండు లైబ్రరీలూ ఒకటే అనిపిస్తాయి. ఫలితం మాత్రం ఒకటి కాదు.

ఖాళీలను అనుమతించే కాలమ్ మీద ‘బ్యాక్‌లాగ్స్ సున్నా కంటే ఎక్కువ ఉన్నవాళ్లను తీసెయ్’ అని జాంగోకు చెబితే, అది తిప్పే ముందు ‘ఆ గడి ఖాళీ కాదు’ అనే మాటను తనంతట తానే కలుపుతుంది. అంటే ‘ఎక్కువ ఉంది, పైగా గడి నిండి ఉంది’ అన్నదాన్ని తిప్పుతుంది. ఖాళీ గడికి రెండో ముక్క అబద్ధం కాబట్టి మొత్తం అబద్ధం, తిప్పితే నిజం. అందుకే జాంగోలో 101, 103, 104, 105 నలుగురూ వస్తారు. ఎస్‌క్యూఎల్‌ఆల్కెమీలో ఇద్దరే వచ్చారు.

ఇందులో ఏది సరైనది? రెండూ సరైనవే. ఫలితం రానివాళ్లను డ్రైవ్‌కు పిలవాలా వద్దా అన్నది కాలేజీ తేల్చాల్సిన విషయం. లైబ్రరీ దాన్ని మీ తరఫున తేల్చేయకుండా చూసుకోవడం మీ పని. పిలవాలంటే ‘బ్యాక్‌లాగ్స్ సున్నా ఆర్ బ్యాక్‌లాగ్స్ ఈజ్ నల్’ అని స్పష్టంగా రాయండి. ఖాళీని సున్నాగా మార్చే ‘కోలెస్’ ఫంక్షన్ కూడా ఉంది. కానీ దాన్ని వాడితే ‘ఫలితం రానివాళ్లకు బ్యాక్‌లాగ్స్ లేవు’ అని మీరే ప్రకటించినట్టు. అడిగి తెలుసుకున్నాకే వాడండి.

‘నాట్ ఇన్’ ఉచ్చు

ఇంటర్వ్యూల్లో తరచూ ఎదురయ్యే ప్రశ్న ఇది. ఇప్పటికే ఉద్యోగం వచ్చినవాళ్ల రోల్ నంబర్లు ఇంకో టేబుల్‌లో ఉన్నాయి. వాళ్లు కాక మిగతావాళ్లు కావాలి. సబ్‌క్వెరీతో ‘నాట్ ఇన్’ రాశారు. ఆ రెండో టేబుల్‌లో 102తో పాటు ఒక ఖాళీ గడి కూడా ఉంది. జవాబు? ఒక్కరూ రారు.

కారణం మీకిప్పుడు తెలిసిందే. 101 ఆ జాబితాలో లేడని చెప్పాలంటే ‘101, 102 ఒకటి కాదు’, ‘101, ఆ ఖాళీ ఒకటి కాదు’ అనేవి రెండూ నిజం కావాలి. రెండోది ‘తెలీదు’ కాబట్టి మొత్తం ‘తెలీదు’. ఒక్క ఖాళీ గడి అందరినీ బయట నిలబెట్టింది. దీనికి మందు ‘నాట్ ఎగ్జిస్ట్స్’. అది ‘ఇలాంటి వరుస దొరికిందా, లేదా?’ అని మాత్రమే అడుగుతుంది. కాబట్టి తెలీదు అనే జవాబుకు తావుండదు. ఇంటర్వ్యూలో ఈ తేడా చెబితే సగం మార్కులే. ఎందుకో కూడా చెప్పగలిగితేనే మీరు మిగతావాళ్లకంటే ముందుంటారు.

ఏమీ ఎంచుకోకపోతే?

సెర్చ్ పేజీల్లో యూజర్ టిక్ పెట్టిన ఫిల్టర్లను బట్టి షరతుల జాబితా తయారవుతుంది. ఎవరూ ఏ టిక్కూ పెట్టకపోతే జాబితా ఖాళీ. తర్కం ప్రకారం ఖాళీ ‘అండ్’ ఎప్పుడూ నిజం, ఖాళీ ‘ఆర్’ ఎప్పుడూ అబద్ధం. ఎస్‌క్యూఎల్‌ఆల్కెమీ 1.4 వెర్షన్ నుంచి, ఈ ఫంక్షన్లను ఖాళీగా పిలిస్తే హెచ్చరిస్తుంది. అండ్‌కు మొదటి విలువగా ట్రూ, ఆర్‌కు ఫాల్స్ ఇచ్చి, ఆ తర్వాత మీ జాబితాను జతచేయాలి. జావాలో వాడే జూక్ లైబ్రరీలో ఇలాంటి సందర్భానికి ‘నో కండిషన్’ అనే ఏర్పాటే ఉంది. ఇలా కట్టిన షరతును ఆ తర్వాత ఎక్కడో తిప్పుతున్నారేమో కూడా చూసుకోండి. ‘అందరూ’ను తిప్పితే ‘ఎవరూ కారు’ అవుతుంది, ‘ఎవరూ కారు’ను తిప్పితే ‘అందరూ’ అవుతారు.

ఈ నాలుగూ అలవాటు చేసుకోండి

● షరతు రాశాక తయారైన ఎస్‌క్యూఎల్ వాక్యాన్ని ఒకసారి తెరమీద చూసుకోండి. ఎస్‌క్యూఎల్‌ఆల్కెమీలో స్టేట్‌మెంట్‌ను ప్రింట్ చేస్తే చాలు. జాంగోలో క్వెరీసెట్‌కున్న ‘క్వెరీ’ని ప్రింట్ చేయండి.

● షరతుకు వచ్చిన సంఖ్య, తిప్పిన షరతుకు వచ్చిన సంఖ్య కలపండి. మొత్తం వరుసల సంఖ్యతో సరిపోకపోతే ఆ తేడా ‘తెలీదు’లదే.

● టెస్ట్ డేటాలో ప్రతిసారీ కనీసం ఒక ఖాళీ గడి ఉన్న వరుస పెట్టండి. అన్ని గడులూ నిండిన డేటాతో చేసే పరీక్ష ఈ తప్పును ఎప్పటికీ పట్టుకోలేదు.

● డిలీట్, అప్‌డేట్ నడిపే ముందు అదే షరతుతో సెలెక్ట్ నడిపి, ఎన్ని వరుసలు వస్తున్నాయో లెక్కపెట్టండి.

మీరే చేసి చూడండి

పైథాన్ ఇన్‌స్టాల్ చేస్తే ఎస్‌క్యూలైట్ దానితో పాటే వస్తుంది కాబట్టి, విడిగా డేటాబేస్ సర్వర్ అక్కర్లేదు. పైన ఇచ్చిన ఆరు వరుసలతో టేబుల్ తయారుచేసుకోండి. తర్వాత ‘బ్రాంచి సీఎస్‌ఈ అండ్ బ్యాక్‌లాగ్స్ సున్నా’ అనే గుంపును బ్రాకెట్లలో పెట్టి, మొత్తానికి ముందు ‘నాట్’ చేర్చండి. నడిపే ముందే ఎవరెవరు వస్తారో కాగితం మీద రాసుకోండి.

జవాబు: 102, 104, 105, 106. ఫలితం రాని ఇద్దరిలో 105 వచ్చారు, 103 రాలేదు. 105ది ఈసీఈ కాబట్టి మొదటి ముక్క దగ్గరే అబద్ధమని తేలిపోయింది. రేపు ఏ ఫలితం వచ్చినా అది మారదు. 103ది సీఎస్‌ఈ కాబట్టి అంతా రాని ఫలితం మీదే ఆధారపడింది. ఈ తేడాను కాగితం మీదే పట్టుకున్నారా? అయితే ఇంటర్వ్యూ బోర్డు మీద కూడా ధైర్యంగా రాయొచ్చు. పట్టుకోలేకపోతే ‘కలిపితే ఏమవుతుంది?’ భాగం దగ్గరికి వెళ్లి, ఆరు వరుసలకూ ఒక్కొక్కటిగా నిజం, అబద్ధం, తెలీదు అని రాసుకుంటూ రండి. పది నిమిషాల పని.